నదికి ఋణపడిన పాట

పాట పాడినంత మాత్రమున నది నిండునా, బీడు చిగుర్చునా అని అడుగువారు మా ఆదోని, ఎమ్మిగనూరు సీమలో పెక్కురు కలరు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసికొనజాలను. ఏలయన, అది తీరికగా కూర్చున్నవారికి కాలక్షేపమునకై పుట్టిన ప్రశ్న కాదు. ముంగారు వాన మొగము చాటు చేసిన యేట, విత్తనమునకును ఎరువునకును చేసిన అప్పు నెత్తిమీద నుండగా, ముసలివారిని ఇంటికి కావలి యుంచి, పిల్లలను బడి మాన్పించి, కోసిగి నుండియో పెద్దకడుబూరు నుండియో గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అనగా కోతకూలికి, తరలిపోవు మనుష్యుడు అడిగెడి ప్రశ్న. అట్టివానికి సమాధానము చెప్పలేని పాట ఎంత మధురమైనదైనను నాకు అసంపూర్ణముగనే తోచును. ప్రకృతి పక్షమున గొంతెత్తిన గాయకులను గూర్చి ఆలోచించునప్పుడెల్ల నేను ఈ ప్రశ్ననే గీటురాయిగా పెట్టుకొనుచున్నాను.

అట్టి గాయకులు నేడు లోకమున పలువురు కలరు. మనకు పొరుగున బెంగళూరులో నివసించు రికీ కేజ్ వారిలో ప్రసిద్ధులు. 2015లో 'విండ్స్ ఆఫ్ సంసార' అను సంపుటికి గ్రామీ పురస్కారము లభించిన పిమ్మట తన సంగీతమును పర్యావరణ ప్రచారమునకే వినియోగింప నిశ్చయించుకొని, ఆ యేడాదియే పారిస్ నగరమున జరిగిన వాతావరణ సదస్సు సందర్భమున 'శాంతి సంసార' అను గీతమాలికను వెలువరించిరి. 2022లో 'డివైన్ టైడ్స్' అను సంపుటికి మరల ఆ గౌరవము దక్కినది. మన దేశపు వాద్యములును పడమటి వాద్యబృందములును కలిసి మ్రోగు ఆ సంగీతము దేశాధిపతులు కొలువు తీరిన సభలలో వినబడుచున్నది. శాసనములు చేయువారి చెవికి సోకవలసిన మాట ఎవ్వరో ఒకరు వారి చెంతనే పలుకవలయును గనుక ఆ కృషిని నేను మనసార గౌరవించుచున్నాను. అయినను 1987లో లండను నగరమునందు కొందరు రికార్డు వ్యాపారులు దుకాణపు అరల సౌకర్యమునకై కుదుర్చుకొన్న 'వరల్డ్ మ్యూజిక్' అను విభాగమున చేరిన సంగీతమునకు ఒక చిక్కు తప్పదు. అన్ని ఖండములవారికి అందవలెనన్న తహతహలో అది నదులన్నిటిని ఒక్క నదిగను, అడవులన్నిటిని ఒక్క అడవిగను భావింపవలసి వచ్చును. పేరు లేని నదికి పూజ చేయవచ్చును గాని, దాని గట్టుమీద కూర్చుండి దాని నీరు ఎవరు మళ్లించుకొనిరో, ఎవరు మురికి చేసిరో అడుగుట సాధ్యము కాదు.

అమెరికా దేశపు గాయకుడు పీట్ సీగర్ త్రొక్కిన మార్గము వేఱు. తాను నివసించిన బీకన్ పట్టణము ప్రక్కగా ప్రవహించు హడ్సన్ నది కర్మాగారముల కల్మషముచేతను పట్టణముల మురుగుచేతను చెడిపోవుట చూచి, 1966లో మిత్రులను కూడగట్టి, పూర్వము ఆ నదిమీద సరకులు మోసిన తెరచాప ఓడల పోలికతో 106 అడుగుల పొడవు గల ఓడనొకదానిని కట్టించి, దానికి 'క్లియర్‌వాటర్' అని పేరిడి, 1969లో నీట దింపించెను. ఆ ఓడ రేవు రేవునకు ఆగుచుండెను. ఆగినచోట పాటలు సాగుచుండెను. బడిపిల్లలు ఓడనెక్కి వల వేసి, తమ నదిలో ఏ చేపలు మిగిలియున్నవో స్వయముగా చూచుచుండిరి. జలశుద్ధి శాసనము ఆ దేశమున 1972లో వచ్చినది. ఆ శాసనము ఒక్క గాయకుని గొంతువలన వచ్చినదని ఎవ్వరును అనరు. కాని నదికి వెన్ను చూపి బ్రతుకుచున్న ఊళ్లను అతడు మరల నదివైపు త్రిప్పెననుట నిజము. 2014 జనవరిలో తన 94 ఏండ్ల వయసున కన్నుమూయువరకు అతడు ఆ నదిని విడువలేదు. లోకమంతయు ఎరిగిన గాయకుడు ఒక్క నదికి కట్టుబడి యుండుటలోనే, నా దృష్టిలో, అతని విశ్వజనీనత ఉన్నది.

మన తెలుగువారిలో ఈ కోవకు చెందినవారెవరని నన్నడిగినచో గోరటి వెంకన్నగారి పేరు చెప్పుటకు నేను తడుముకొనను. తుంగభద్ర కృష్ణలో కలిసిన పిమ్మట ఆ కృష్ణకు ఆవలి గట్టున, నాగర్‌కర్నూలు సీమలోని గౌరారమను పల్లెలో 1963లో జన్మించి, యక్షగానములు పాడు తండ్రి నోట పాటలు విని పెరిగి, సహకార శాఖలో ఉద్యోగము చేయుచునే ఊరూరను పాడుచు వచ్చిన కవి ఆయన. 'ఏకునాదం మోత', 'రేల పూతలు', 'అల చంద్రవంక' మొదలగు సంపుటములు వెలువడిన తరువాత, 'వల్లంకి తాళం' అను గ్రంథమునకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పాట కట్టువాడును పాడువాడును ఒక్కడే యగుట మన పదకర్తల నాటి సంప్రదాయము. వెంకన్నగారియందు ఆ సంప్రదాయము తెగక నిలిచినది. ఆయన పాడునప్పుడు వాద్యబృందము అక్కరలేదు. గొంతు, చేతి విసురు, కాలి అడుగు ఈ మూడే సభను పట్టి యుంచును.

ఆయన పాటలను నేను ప్రకృతి గీతములని వేరు చేసి చూపలేను; అదియే వాని గొప్పదనము. ఆయన పాటలో పిట్ట యున్నదనిన ఆ పిట్ట వ్రాలు తుమ్మచెట్టు ఉండును, ఆ తుమ్మక్రింద మేకలు తోలుకొని వచ్చిన ముసలమ్మ ఉండును, ఆ ముసలమ్మ కొడుకు పట్నమునకు వలసపోయిన సంగతి ఉండును. వాగు ఎండినదని ఆయన పాడినప్పుడు అది దృశ్యమును కోల్పోయిన బాటసారి చింత కాదు, ఆ నీటితో పనిగల సమస్త జీవుల శోకము. 2002లో 'కుబుసం' అను చలనచిత్రము ద్వారా తెలుగునాట ఇంటింటికి చేరిన 'పల్లె కన్నీరు పెడుతుందో' అను పాటయందు కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వరుసగా మన కన్నుల యెదుట నిలుతురు. పైకి అది వృత్తుల పతనమును గూర్చిన పాట. కాని ఆ వృత్తులన్నియు ఊరి మట్టిమీదను, ఊరి చెట్టుమీదను, ఊరి పత్తిమీదను నిలిచినవే గనుక, మట్టితోను చెట్టుతోను మనుష్యునికి గల బాంధవ్యము తెగుటను గూర్చి అంతకంటె సూటిగా చెప్పిన పాట ఇటీవలి కాలమున నేను వినలేదు. ఎమ్మిగనూరులో నాకు పరిచితుడైన వృద్ధ నేతగాడొకడు ఆ పాట విన్నప్పుడు గుంటమగ్గముమీద చేతిలోని నాడెను ఆపి, "ఈ పాట కట్టినాయప్ప ఎప్పుడన్న మన ఈదికి వచ్చిండెనా సార్?" అని అడిగెను. ఆ వీధి సామాన్యమైనది కాదు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘము ఎన్నియో కుటుంబములకు కూడు పెట్టి, ఎమ్మిగనూరు దుప్పట్లను తువ్వాళ్లను దూరదేశములకు పంపినది. ఆ కృషికి ఆయనకు 1954లో పద్మశ్రీ లభించినది. ఆ వీధులలో నేడు మగ్గపు చప్పుడు వినబడు ఇండ్లు తక్కువ. ఆ వృద్ధుని ప్రశ్నలో నాకు వినబడినదేమనగా, ఎవరో దూరపు పల్లెవాడు తన పల్లెను గూర్చి మనసార పాడగా అది మా వీధి పాట యైనదని.

అట్లైన, మా పడమటి సీమకు ఇట్టి గాయకుడు లేకపోయెనా? ఉండెను, ఒక్కరు కాదు, పెక్కురు ఉండిరి. ఆలూరు తాలూకా చిప్పగిరిలో 1755లో దేహము చాలించిన విజయదాసులవారు క్షేత్రము క్షేత్రమునకు కాలినడకను పోయి, ఆ క్షేత్రములను తీర్థములను స్తుతించుచు సుళాదులు కట్టిన మహాగాయకుడు. అవి కన్నడ కృతులే. అయినను ఒక వాకిట కన్నడము, ఎదుటి వాకిట తెలుగు మాటలాడు మా కౌతాళము, హొళగుంద, ఆదోని ఊళ్లలో పాటకు భాషాభేదము ఏనాడును అడ్డురాలేదు. 1953 అక్టోబరు ఒకటవ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రమునకు పోగా ఆదోని, ఆలూరు ఆంధ్రమున చేరినవి. పటమున గీత పడినది గాని భజనమందిరములలో పడలేదు. దాసులవారు నదిని దైవముగా కొలిచిరి. దైవమని నమ్మినదానిలో మురికి కలుపుటకు చేయి వెనుకాడును గదా యని ఒకప్పుడు నేను తలచెడివాడను. మంత్రాలయము రేవున నీటిలో తేలు ప్లాస్టిక్ సంచులను చూచిన తరువాత భక్తి యొక్కటే నదిని కాపాడునను ధీమా నాలో సన్నగిల్లినది. భక్తితో పాటు లెక్కయు ఉండవలెను: నిన్న ఎంత నీరు, నేడు ఎంత నీరు అను లెక్క.

ఆ లెక్క చెప్పు గాయకులు కూడ మాకు కలరు. దసరా రాత్రి హొళగుంద మండలములోని దేవరగట్టుమీద మాళ మల్లేశ్వరుని ఉత్సవము జరుగును. దివిటీల వెలుగున కర్రల సమరమును చూచి, గాయములు లెక్కించి, పత్రికలవారు వెడలిపోదురు. నాకు ముఖ్యమైనది ఆ వెనుక జరుగునది. ఆ ఉత్సవములోనే కార్ణికము వినిపింతురు. వచ్చు కాలమున వాన యెట్లుండును, పత్తి ధర ఎంత పలుకును, జొన్న ధర ఎంత పలుకును అని పలుకుదురు. ఆ మాట కొరకు వేలాది రైతులు నిదుర మాని కాచుకొని యుందురు. ఆ దేవుని పాట మోయువారు గొరవయ్యలు: నల్లని కంబళి, తలపై ఎలుగుబంటి తోలు కుళ్లాయి, ఒక చేత డమరుకము, మరియొక చేత పిల్లనగ్రోవి, నొసట పసుపు భండారము. ఆ వేషమును నేను ఎన్నడు చూచినను నా మనస్సు ఆ కుళ్లాయిమీదనే నిలుచును. ఎలుగుబంటి తిరిగిన అడవి, గొర్రె మేసిన బయలు, పైరు పండిన చేను, ఈ మూటిని ఒక్క మనుష్యుడు తన దేహముపై ధరించి, ఊరి నడుమ నిలిచి ఆడుచున్నాడు. నేడు ఆ గుట్టలలో ఎలుగు అరుదు. ఆ బయళ్లలో మేత అరుదు. కుళ్లాయి మాత్రము తాతనుండి మనుమనికి దిగి వచ్చుచున్నది. అడవి ఎంతవరకు ఉండెడిదో తెలుపు సాక్ష్యము ఒక గాయకుని నెత్తిమీద మిగిలినది.

నాకు దొరికిన సమాధానము ఇక్కడనే యున్నది. నది ఒక్కనాడు చావదు. ఏటికి కొంత, ఏటికి కొంత తగ్గుచు వచ్చును. ప్రతి తరమును తాను బాల్యమున చూచిన నదినే పూర్ణమైన నదిగా భావించి, ఆపైన తగ్గినదానినే నష్టముగా లెక్కించును. నేడు ఆలూరు ప్రక్కన పుట్టిన బిడ్డకు హగరి యనగా ఇసుక. అది ఎండిన నది యని వాడెరుగడు. నది యనిన అట్లే యుండునని వాని భావన. తగ్గినదంతయు ఎవ్వరికిని తెలియకుండ తగ్గునట్లు చేయునది ఈ మరపే. గుమాస్తా దస్త్రమున అంకె నిలుచును గాని, ఆ అంకె చేలోని మనుష్యుని నోటికి రాదు. నోటికి వచ్చునది పాట. 1876లో మొదలైన ధాత కరువు మా బళ్లారి, కర్నూలు సీమలలో పల్లెలకు పల్లెలను తుడిచిపెట్టినప్పుడు ఆంగ్ల ప్రభుత్వము నివేదికలు వ్రాయించుకొన్నది. వానిని చదివినవారు మా పల్లెలలో ఎందరు? ధాత కరువను మాట మాత్రము చదువురాని అవ్వల నోట మొన్న మొన్నటివరకు సజీవముగా ఉండెను. పాట నదిని నింపదు. నది ఎంత యుండెడిదో మరువనీయదు. మరువని జనమునకు మాత్రమే అడుగు హక్కు నిలుచును.

తుంగభద్రను గూర్చి నేడు మరువరాని సంగతులెన్నియో కలవు. 1953లో హొసపేట వద్ద ఆనకట్ట పూర్తియైన నాడు ఆ జలాశయమున 133 టీఎంసీల నీరు నిలుచునని లెక్క కట్టిరి. పూడిక చేరి చేరి నేడు నిలుచునది 105 టీఎంసీలకు అటునిటు మాత్రమే. తక్కిన చోటును మట్టి ఆక్రమించినది. ఆ మట్టి కొండలమీద చెట్టు పోయినందున, గనుల కొరకు నేల త్రవ్వినందున, ఎగువ పొలముల పైపొర వానకు కొట్టుకొని వచ్చినందున చేరిన మట్టి. అనగా ఎక్కడో సండూరు కొండమీద పడిన గొడ్డలిదెబ్బ, దిగువ కాలువ చివర నీటికై కాచుకొనియున్న మా రైతు మడిలో తగులుచున్నది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొని పోయినప్పుడు, కన్నయ్యనాయుడుగారి వంటి నిపుణుల పర్యవేక్షణమున ప్రవాహములోనే అడ్డుపలకలు దింపి దానిని నిలుపువరకు, వారము దినములు ఈ ప్రాంతమంతయు ఊపిరి బిగబట్టినది. 2009 అక్టోబరున అదే నది మంత్రాలయమును, కర్నూలును ముంచివేసిన సంగతి తెలిసిన మాకు, నీరు లేని భయమును నీరు వచ్చిన భయమును ఒక్క నదియే నేర్పినది. ఇంత కథ గల నదికి నేటి తెలుగులో ఒక పాట కూడ జనుల నోట నాటుకొనకపోవుట నాకు నిజముగా బాధ.

పత్తిని గూర్చి కూడ పాడవలసినది కలదు, కాని అది కష్టమైన పాట. ఆదోనికి రెండవ బొంబాయి యని పేరు తెచ్చినది పత్తియే. జిన్నింగు మిల్లులు, మార్కెట్టు యార్డులో తెల్లవారకమునుపే బారులు తీరు బండ్లు, ఆ బండ్లమీద నిదురించు రైతులు, ఇదంతయు పత్తి వైభవము. ఒకప్పుడు ఈ నల్లరేగడిలో కొర్రతో కలిపి విత్తిన పొట్టిపింజ నాటుపత్తిని వర్తకులు 'వెస్టర్న్స్' అని పిలిచెడివారు. అది మంచుకును నేల చెమ్మకును తృప్తిపడు పంట, పోయిననాడు కొర్ర యైనను ఇంటికి వచ్చెడిది. 2002 తరువాత బీటీ విత్తనము వచ్చినది, దిగుబడి ఆశ పెంచినది, విత్తనమును ఏటేట కొనవలసిన సరకుగా మార్చినది. కొర్ర చేలోనుండి తప్పుకొన్నది. ఈ సంగతి పాడువాడు రైతును నిందింపరాదు. మందు చల్లినాడని, బోరు వేసినాడని, జొన్న మానినాడని రైతును తప్పుపట్టు పర్యావరణ గీతము ఎంత శ్రావ్యమైనదైనను నేను వినను. అప్పు ఇచ్చినవాడు చెప్పిన పంట వేయవలసిన వానికి ఎన్నిక యెక్కడిది?

గొంతు కలిపినచో ఫలితము లేకపోదనుటకు నిదర్శనములు మన కన్నుల యెదుట కలవు. 2019లో నల్లమల అడవిలో యురేనియము త్రవ్వకమును ప్రతిఘటించుచు చెంచుగూడెముల నుండి పట్టణముల వరకు సాగిన ఉద్యమమున కవులు, గాయకులు కూడ నిలిచిరి. ఆ సెప్టెంబరు నెలలో తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకమునకు వ్యతిరేకముగా తీర్మానము చేసినది. 2024 చివర మా జిల్లాలోనే, దేవనకొండ మండలపు కప్పట్రాళ్ల అడవిలో యురేనియము అన్వేషణకై బోర్లు వేయుదురన్న వార్త పొక్కగానే చుట్టుపట్ల పల్లెలు రోడ్డుమీదికి వచ్చినవి. ప్రభుత్వము వెనుకకు తగ్గినది. ముఠా కక్షలకు పేరుమోసినదని లోకము చెప్పుకొను ఆ ఊరు, అడవికొరకు ఒక్క మాటమీద నిలిచిన ఆ దినములను గూర్చి పాట కట్టువాడు లేకపోవుట అన్యాయము. వార్త మరునాటికి మాయును. ఆ పల్లెల స్త్రీలు దారికి అడ్డముగా కూర్చుండిన సంగతి వారి మనుమరాండ్రకు ఎట్లు తెలియవలెను?

కనుక మా సీమ పిల్లలకు నేను చేయు మనవి యొకటి కలదు. ఫోనులలో మీరు వినని దేశపు పాట లేదు. సెనెగలు పాట, బ్రెజిలు పాట మీ చెవులకు క్రొత్త కాదు. వాని తాళములు గ్రహింపుడు, తప్పులేదు. కాని మాటలు మాత్రము హగరి ఇసుకనుండి, దిగువ కాలువ తూములనుండి, సుగ్గికి పోయి వచ్చిన మీ తల్లుల నోటినుండి తెచ్చుకొనుడు. పూడిక లెక్కను, తెగిన గేటు తేదీని, కొర్ర తప్పుకొన్న యేడును పాటలో పెట్టుటకు సంకోచింపకుడు. అంకె పాటకు పరాయిది కాదు, దేవరగట్టుమీద ధరలు పలికిన కార్ణికమును ఇన్ని తరములు చెవులు రిక్కించి వినలేదా?

పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతర జరుగును. తేరు లాగుదురు, ఎడ్ల సంత కూడును, నాటకములు ఆడుదురు, సినిమా పాటల కచేరీలు పెట్టుదురు. ఆ దినములలో ఒక్క రాత్రిని తుంగభద్ర పాటలకే విడువవలసినదని జాతర పెద్దలను, నేతగాండ్ర సంఘమువారిని, ఆదోని మిల్లుల యజమానులను కోరుచున్నాను. గొరవయ్యలను పిలువుడు, దాసుల పదములు పాడు భజన మేళములను పిలువుడు, గౌరారము నుండి వెంకన్నగారిని ఆహ్వానింపుడు, బడిపిల్లలు కట్టిన క్రొత్త పాటలను ముందుగా పాడింపుడు. జాతర నాటికి కోసిగి, మంత్రాలయము పల్లెలలో సగము ఇండ్లకు తాళములు పడియుండును గనుక, ఆ రాత్రి పాడిన పాటలను ఫోనులలో గుంటూరు మిరపచేలలోనున్న మనవారికి పంపుడు. కాయలు కోయుచు వారు పాడుకొనదగినట్లు తేలిక బాణీలో కట్టుడు.